అడుగు మట్టిలో పాత బాకీ

1959 డిసెంబరులో జపాన్‌లోని మినమాటా పట్టణంలో చిస్సో రసాయన కంపెనీ తన కొత్త మురుగుశుద్ధి యంత్రాన్ని ఆర్భాటంగా ప్రారంభించింది. శుద్ధి చేసిన నీళ్లని చెప్పి కంపెనీ అధ్యక్షుడు అందరి ఎదుటా ఒక గ్లాసెడు తాగి చూపించారు. అప్పటికి కొన్నేళ్లుగా ఆ తీరంలో పిల్లులు గిరగిరా తిరిగి పడి చస్తున్నాయి. జాలర్ల ఇళ్లలో మనుషులకు కాళ్లూ చేతులూ వంకర్లు పోతున్నాయి, చూపు కుంచించుకుపోతోంది, మాట తడబడుతోంది. వాళ్లలో చాలామంది చనిపోయారు కూడా. పాదరసం కలిసిన అసలు మురుగు ఎసిటాల్డిహైడ్ విభాగం నుంచి వచ్చేది. అది ఆ యంత్రం గుండా పోవడమే లేదని ఆనక బయటపడింది. మురుగు వదలడం మాత్రం 1968 దాకా ఆగలేదు.

ఆ తంతు జరిగి ఆరు దశాబ్దాలు దాటింది. నది బాగుందో లేదో తేల్చడానికి మనం ఇప్పటికీ నీళ్లనే సాక్ష్యానికి పిలుస్తున్నాం. సీసాలో నీళ్లు పట్టడం, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాసుకోవడం, ప్రమాణం లోపలే ఉందని ఫైలు మూసేయడం. పాదరసం విషయంలో ఈ సాక్ష్యం చెల్లదు. నీళ్లలో కలిసిన పాదరసం అక్కడే ఉండిపోదు. మట్టి రేణువునో కుళ్లిన ఆకునో పట్టుకుని అడుగుకు చేరుతుంది. అక్కడ రూపం మార్చుకుని చేపలోకి, చేప నుంచి మనిషిలోకి వస్తుంది. కాబట్టి పాదరసం లెక్క తేలాలంటే చూడాల్సింది ఒండ్రును, చేపను. మన నియంత్రణ వ్యవస్థ చూడనివి సరిగ్గా ఆ రెండే.

అడుగున ఏం జరుగుతుంది?

బొగ్గు పొగ నుంచో కర్మాగారం మురుగు నుంచో నదికి చేరే పాదరసం చాలావరకు అకర్బన రూపంలో ఉంటుంది. ఆ రూపంలో కడుపులోకి వెళ్లినా ఒంటికి పట్టేది తక్కువే. ప్రమాదమంతా అది రూపం మార్చుకోవడంలో ఉంది. జలాశయం అడుగున ఒండ్రులో కొద్ది మిల్లీమీటర్ల లోతుకే ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడ బతికే కొన్ని రకాల బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు సల్ఫేట్‌నో ఇనుమునో వాడుకుని శ్వాసిస్తాయి. వాటిలో కొన్ని పాదరసానికి మిథైల్ అనే కర్బన గుంపును తగిలిస్తాయి. అలా తయారైన మిథైల్ మెర్క్యురీని మన పేగులు దాదాపు మొత్తంగా పీల్చుకుంటాయి. అది మెదడుకు చేరుతుంది, మాయను దాటి గర్భంలోని బిడ్డకూ చేరుతుంది. బ్యాక్టీరియాకు ఈ శక్తినిచ్చే రెండు జన్యువులను 2013లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు గుర్తించారు. 1950లలో అణ్వాయుధాల తయారీ కోసం భారీగా పాదరసం వాడి, పక్కనే పారే వాగును పాడుచేసుకున్న ఊరు కూడా ఆ ఓక్ రిడ్జే.

ఒండ్రులో పుట్టిన మిథైల్ మెర్క్యురీ నాచుకు, నాచును మేసే సూక్ష్మజీవులకు, వాటిని తినే చిన్నచేపలకు, చివరికి చేపల్ని వేటాడే చేపలకు చేరుతుంది. మెట్టు మెట్టుకీ పెరుగుతూ పై మెట్టుకు వచ్చేసరికి నీటిలో ఉన్నదానికి పది లక్షల రెట్లు దాటడం మామూలే. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. లీటరు నీటిలో మిథైల్ మెర్క్యురీ ఒక నానోగ్రాములో మూడో వంతు ఉందనుకుందాం. పది లక్షల రెట్లు పెరిగితే కిలో చేపలో 0.33 మిల్లీగ్రాములు అవుతుంది. మన ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు 0.25 మిల్లీగ్రాములు. అంటే చేప హద్దు దాటింది. మరి నీళ్లు? మంచినీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 0.001 మిల్లీగ్రాము, అంటే వెయ్యి నానోగ్రాములు. ఈ నీళ్లు ఆ హద్దుకు దాదాపు మూడు వేల రెట్లు తక్కువలో ఉండి పరీక్షలో సునాయాసంగా నెగ్గుతాయి. నీళ్ల నివేదికను చూపించి చేప మంచిదనడం ఎంత అర్థం లేని మాటో ఈ లెక్కే చెబుతుంది.

చేప చేపకూ తేడా ఉంటుంది. నాచు, ప్లవకాలు తినే బొచ్చె, శీలావతిలో పాదరసం తక్కువగా పోగవుతుంది. ఇతర చేపల్ని వేటాడే వాలుగ, కొరమీనుల్లో ఎక్కువగా పోగవుతుంది. ఏళ్ల తరబడి బతికి లావెక్కిన చేపలో ఇంకా ఎక్కువ. ఇది కొవ్వులో కాదు, కండలో ఉంటుంది. కాబట్టి తోలు తీసినా, ఉప్పూ పసుపూ వేసి కడిగినా, పులుసు పెట్టినా, వేపుడు చేసినా పోదు. కొల్లేరు పరిసరాల్లోని చెరువుల్లో మేత వేసి పెంచి, ఏడాది అటూ ఇటూగా పట్టేసే చేపల గురించి ఈ బెంగ పెట్టుకోనక్కర్లేదు. సమస్యల్లా కలుషితమైన జలాశయాల్లో ఏళ్లు బతికిన వేట చేపతోనే. దాన్ని రోజూ తినేది రేవులో వల వేసే కుటుంబం. ఆ కుటుంబానికి అంత చవకగా దొరికే మాంసకృత్తు మరొకటి లేదు.

జలాశయం ఎందుకు వేరు?

పారే నది తన బురదను కిందికి మోసుకుపోతుంది. ఆనకట్ట వెనుక నీరు నిలబడుతుంది, ఒండ్రు దిగిపోతుంది. అడుగు పొరల్లో ఆక్సిజన్ తగ్గుతుంది. మునిగిన చెట్లూ చేమలూ కుళ్లి బ్యాక్టీరియాకు మేతవుతాయి. కెనడాలోని క్యూబెక్ ఉత్తరాన లా గ్రాండ్ జలవిద్యుత్ జలాశయాలు నిండాక, చుట్టుపక్కల పాదరసం వదిలే కర్మాగారం ఏదీ లేకపోయినా, వేట చేపల్లో పాదరసం కొన్ని రెట్లు పెరిగింది. అడవి మట్టిలో సహజంగా ఉన్న కాస్త పాదరసమే అందుకు చాలింది. చేపల మీద బతికే క్రీ ఆదివాసులకు అధికారులు ఏ చేప ఎంత తినాలో చెప్పాల్సి వచ్చింది.

నీటిమట్టం ఏటా దిగడం, ఎక్కడం మరో కారణం. ఎండాకాలంలో అంచుల్లోని ఒండ్రు బయటపడి గాలి తగిలితే అందులోని సల్ఫైడ్లు సల్ఫేట్లుగా మారతాయి. మళ్లీ వరద వచ్చి మునిగితే ఆ సల్ఫేటే బ్యాక్టీరియాకు విందు. కాబట్టి పాదరసం ఎంత పడిందన్నది ఒక్కటే లెక్క కాదు. దానితోపాటు సల్ఫేట్, కుళ్లే పదార్థం ఎంత కలిశాయి, నీటిమట్టం ఎలా ఊగుతోంది అన్నవీ లెక్కే.

రిహంద్ చెప్పే పాఠం

ఈ కారణాలన్నీ ఒక్కచోట కలిసిన జలాశయం మన దేశంలోనే ఉంది. ఉత్తరప్రదేశ్ సోన్‌భద్ర జిల్లా పిప్రి దగ్గర రిహంద్ నది మీద 1962లో పూర్తయిన ఆనకట్ట వెనుక గోవింద్ వల్లభ్ పంత్ సాగర్ ఏర్పడింది. దాని ఒడ్డున సింగ్రౌలీ బొగ్గు గనులున్నాయి. బొగ్గు పక్కన, నీటి పక్కన థర్మల్ కేంద్రాలు వరసగా వెలిశాయి. ఎన్టీపీసీ తొలి విద్యుత్ కేంద్రం ఇక్కడి శక్తినగర్‌దే. దేశంలోకెల్లా పెద్దదైన 4,760 మెగావాట్ల వింధ్యాచల్ కేంద్రమూ ఇక్కడిదే. జలాశయం ఒడ్డునే రేణుకూట్‌లో అల్యూమినియం కర్మాగారం, దానికి తోడు కాస్టిక్ సోడా కర్మాగారం వచ్చాయి.

కాస్టిక్ సోడా తయారీలో పాత మెర్క్యురీ సెల్ పద్ధతి ఎలా ఉండేదో చూస్తే ఒండ్రులోకి పాదరసం ఎలా చేరిందో తెలుస్తుంది. వాలుగా పెట్టిన పొడవాటి ఉక్కు తొట్టి అడుగున పాదరసం పలచని పొరగా పారుతుంటుంది. దాని మీద ఉప్పునీరు పారుతుంటుంది. కరెంటు పంపితే పైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. సోడియం పాదరసంలో కలిసి కిందికి పోతుంది. పక్క పాత్రలో దానికి నీళ్లు తగిలిస్తే కాస్టిక్ సోడా వచ్చి, పాదరసం మళ్లీ మొదటికి చేరుతుంది. కాగితం మీద పాదరసం ఖర్చే లేదు. వాస్తవంలో కడిగిన నీళ్లలో, ఉప్పునీటి మడ్డిలో, హైడ్రోజన్ వాయువులో, షెడ్డు గాలిలో కొంచెం కొంచెంగా తప్పించుకుంటూనే ఉంటుంది. ఆ తగ్గిన మేరకు ఎప్పటికప్పుడు కొత్త పాదరసం పోస్తారు. ఏటా కొని పోసినదంతా ఎక్కడికో ఒకచోటికి పోయిందన్నమాటే. పర్యావరణ శాఖ 2003లో పరిశ్రమతో కుదుర్చుకున్న ఒప్పందంతో ఈ పద్ధతి క్రమంగా మూలపడి, మెంబ్రేన్ పద్ధతి వచ్చింది. అది నిజంగా మంచి మార్పు. కానీ యంత్రం మారినంత మాత్రాన వాగు అడుగు మారదు.

2012లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సోన్‌భద్రలో జరిపిన పరిశీలనలో, కర్మాగారం మురుగు జలాశయంలోకి చేరే డోంగియా నాలా దగ్గర పట్టిన చేపలో మిథైల్ మెర్క్యురీ ఆహార ప్రమాణానికి దాదాపు రెట్టింపు వచ్చింది. స్థానికుల రక్తంలో పాదరసం సగటున 34 పీపీబీ (వంద కోట్లలో 34 వంతులు) ఉంది. అమెరికా పర్యావరణ సంస్థ సురక్షితమనుకునే స్థాయి 5.8. పరీక్షించింది ఇరవై మందినైనా కాదు, నిజమే. అంత చిన్న నమూనాతో జిల్లా మొత్తానికి తీర్పు చెప్పలేం. చెప్పాలంటే వేలమందిని, వందల చేపలను, డజన్ల కొద్దీ ఒండ్రు నమూనాలను ఏటా పరీక్షించాలి. ఆ పని ఒక స్వచ్ఛంద సంస్థది కాదు, ప్రభుత్వానిది.

పాత బాకీ తీరకముందే కొత్తది కలుస్తోంది. బొగ్గులో పాదరసం ఉండేది రవ్వంతే. కానీ ఏటా కోట్ల టన్నులు కాలిస్తే ఆ రవ్వంతలే లెక్కకొస్తాయి. కొంత పొగలో పోతుంది, కొంత బూడిదకు అంటుకుంటుంది. ఆ బూడిదను నీళ్లలో కలిపి జలాశయం పక్కనే చెరువుల్లో నిల్వ చేస్తారు. 2019 అక్టోబరులో వింధ్యాచల్ బూడిద చెరువు గట్టు తెగింది. 2020 ఏప్రిల్‌లో సాసన్ థర్మల్ కేంద్రంలో మరో గట్టు తెగి ఆరుగురు చనిపోయారు. రెండుసార్లూ బూడిద బురద రిహంద్ జలాశయంలోకి వెళ్లింది. బూడిదతోపాటు సల్ఫేట్ కూడా వెళ్లింది. ఆ బురద తన వంతు పాదరసాన్ని తేవడమే కాకుండా, అంతకుముందే అడుగున ఉన్నదాన్ని మిథైల్ రూపంలోకి మార్చే బ్యాక్టీరియాకూ మేతవుతుంది. కెనడాలోని ఒంటారియోలో ఇదే జరుగుతోందని 2024లో వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. అక్కడి డ్రైడెన్ కాగితపు మిల్లు 1962 నుంచి 1970 వరకు సుమారు తొమ్మిది టన్నుల పాదరసం నదిలో వదిలింది. యాభై ఏళ్ల తరవాత కూడా ఆ నదిలోకి పోతున్న మురుగులోని సల్ఫేట్, సేంద్రియ పదార్థాలు పాత పాదరసాన్ని కొత్త విషంగా మారుస్తున్నాయని వాళ్ల ప్రయోగాలు తేల్చాయి. దిగువన గ్రాసీ నారోస్ ఆదివాసులు మూడు తరాలుగా దాని ఫలితం అనుభవిస్తున్నారు.

తోడాలా, వదిలేయాలా?

అడుగున విషముంటే తోడి పారేయవచ్చు కదా అనిపిస్తుంది. అంత తేలిక కాదు. ఒండ్రును కదిలిస్తే పూడుకుపోయి నిద్రపోతున్న పాదరసం మళ్లీ నీళ్లలో కలుస్తుంది. మినమాటాలో పాదరసం 25 పీపీఎం (కిలోకు 25 మిల్లీగ్రాములు) దాటిన బురదను గుర్తించి, 1977 నుంచి 1990 దాకా పనిచేశారు. సుమారు 15 లక్షల ఘనపు మీటర్ల బురదను కొంత తోడి, కొంత ఉన్నచోటే కప్పేసి, 58 హెక్టార్ల నేలగా మార్చారు. 4,850 కోట్ల యెన్‌లు ఖర్చయ్యాయి. కలుషితమైన చేపలు బయటికి పోకుండా అఖాతానికి అడ్డంగా కట్టిన వలను 1997లో గానీ తీయలేదు.

అలాగని వదిలేస్తే కాలమే బాగుచేస్తుందా? అమెరికాలోని వర్జీనియాలో అదే నమ్మారు. వేన్స్‌బరోలోని డ్యూపాంట్ కర్మాగారం 1929 నుంచి 1950 వరకు పాదరసం వాడింది. సౌత్ రివర్ కలుషితమైందని 1970లలో తెలిసింది. కొత్త ఒండ్రు కింద పాతది పూడిపోతుంది, చేపల్లో దానంతటదే తగ్గుతుందని అంచనా వేశారు. దశాబ్దాలు గడిచినా తగ్గలేదు. వెతగ్గా వెతగ్గా పాదరసం నది అడుగునే కాదు, ఒడ్డున ఉన్న మట్టిలోనూ దాగి ఉందని, ఏటా ఒడ్డు కోతతో మళ్లీ నదిలోకి వస్తోందని తేలింది. అప్పుడు ఒడ్డును కట్టుదిట్టం చేసే పని మొదలుపెట్టారు. నిజానికి వాళ్లకు మేలు చేసింది ఆ వెతుకులాటే. ఎక్కడ తోడాలి, ఎక్కడ కప్పాలి, ఎక్కడ ముట్టుకోకూడదు అన్నది ఒండ్రును పొర పొరగా చదివితే తప్ప తెలియదు.

చదివే పద్ధతి కొత్తదేమీ కాదు. పారదర్శకమైన గొట్టాన్ని అడుగు బురదలోకి నిలువుగా దించి, చెదరకుండా పైకి తీసి, సెంటీమీటరు మందాన బిళ్లలుగా కోస్తారు. అణు పరీక్షలు ముమ్మరంగా జరిగిన 1963 ప్రాంతంలో వాతావరణం నుంచి రాలిన సీజియం ఏ పొరలో ఎక్కువగా ఉందో చూస్తే ఆ పొర వయసు తెలుస్తుంది. మిగతా పొరల వయసు సీసం ఐసోటోపుతో లెక్కిస్తారు. ఏ ఏడు ఎంత పాదరసం పడిందో, ఏ యంత్రం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో ఆ బిళ్లలే చెబుతాయి. కంపెనీ రికార్డుల్లో ఉన్నవీ, లేనివీ రెండూ అక్కడ ఉంటాయి.

ఈ పని చేయగల సత్తా మనకు లేదనడం కుదరదు. 2001లో మూతపడిన కొడైకెనాల్ థర్మామీటర్ల ఫ్యాక్టరీ వల్ల అక్కడి సరస్సు నీటిలో, ఒండ్రులో, చేపల్లో పాదరసం ఎంత చేరిందో కొలిచి 2006లో ప్రచురించింది హైదరాబాద్‌లోని అణు ఇంధన శాఖ ప్రయోగశాలే. సరస్సు నీటిలో లీటరుకు 356 నుంచి 465 నానోగ్రాముల పాదరసం ఉందని వాళ్లు తేల్చారు. వెయ్యి నానోగ్రాముల తాగునీటి హద్దుతో చూస్తే ఆ నీళ్లు పాసే. మన దగ్గర కొరవడింది కొలిచే శాస్త్రం కాదు, కొలిచినదాన్ని పోల్చి చూడ్డానికి ఒక అధికారిక ప్రమాణం. దేశంలో నదీ జలాశయాల ఒండ్రుకు చట్టబద్ధమైన నాణ్యతా ప్రమాణమే లేదు. అందుకే కొడైకెనాల్‌లో ఫ్యాక్టరీ స్థలం మట్టిని ఏ స్థాయికి శుద్ధి చేయాలన్న విషయం మీద ఏళ్ల తరబడి బేరాలు సాగి, కిలోకు 20 మిల్లీగ్రాములు చాలన్న నిర్ణయం వివాదంగానే మిగిలింది.

మన పూడికతీతల సంగతి

తెలుగు నేల మీద ఒండ్రు చర్చ అంటే టీఎంసీల చర్చే. శ్రీశైలం నిల్వ సామర్థ్యం 308 టీఎంసీల నుంచి 215కు పడిపోయింది. తుంగభద్ర 132 నుంచి 105కు వచ్చింది. పూడిక తీయాలన్న డిమాండు ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. తీసిన మట్టిలో ఏముందన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. మిషన్ కాకతీయలో వేల చెరువుల పూడికను రైతులు పొలాలకు తోలుకున్నారు. ఊరి చెరువు మట్టి పొలానికి బలమన్నది తరాల అనుభవం. కర్మాగారం ఎరగని చెరువులకు ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ పటాన్‌చెరు పారిశ్రామికవాడ దిగువన నక్కవాగు వెంట ఉన్న చెరువుకూ, మారుమూల ఊరి చెరువుకూ ఒకే రకం టెండరు పిలవడం తగదు. మూసీ అడుగు తవ్వి సుందరీకరిస్తామంటున్నప్పుడు, అక్కడ దశాబ్దాలుగా పేరుకున్న బురద ఏ డంపింగ్ యార్డుకు పోతుందో ముందే తేలాలి. పాదరసం ఒక్కటే కాదు, సీసం, క్రోమియం, కాడ్మియం కూడా అదే దారిన అదే బురదలో దాక్కుంటాయి. తవ్వకానికి ముందు పరీక్ష అన్నది టెండరులో ఒక వాక్యం. దానికయ్యే ఖర్చు తవ్వకం బిల్లులో లెక్కలోకి రానంత తక్కువ.

ఇప్పుడు చేయాల్సింది

భారత్ మినమాటా ఒప్పందాన్ని 2018లో ఆమోదించింది. కొత్త పాదరసం పర్యావరణంలోకి రాకుండా చూడడమే ఆ ఒప్పందం ప్రధానంగా పట్టించుకునే విషయం. దానిలోనూ మనం వెనకడుగు వేస్తున్నాం. పొగలోని గంధకాన్ని కడిగే యంత్రాలు పాదరసాన్నీ కొంత పట్టేస్తాయి. 2025 జూలైలో దేశంలోని మెజారిటీ థర్మల్ యూనిట్లకు ఆ యంత్రాలు పెట్టాల్సిన బాధ్యత నుంచి కేంద్రం మినహాయింపునిచ్చింది. గంధకం గురించి తీసుకున్న ఆ నిర్ణయంలో పాదరసం లెక్కకు రాలేదు.

అదే నెలలో వచ్చిన మరో నిర్ణయం మాత్రం ఆశ పుట్టిస్తోంది. కలుషిత స్థలాల నిర్వహణ నియమాలను పర్యావరణ శాఖ నోటిఫై చేసింది. అనుమానిత స్థలాన్ని గుర్తించడం, పరిశీలించడం, బాధ్యుణ్ని తేల్చి శుద్ధి ఖర్చు వసూలు చేయడం ఎలాగో మొదటిసారి ఒక పద్ధతి ప్రకారం చెప్పిన నియమాలివి. వీటిని ఫ్యాక్టరీ ప్రహరీ లోపలి మట్టికే పరిమితం చేస్తే ప్రయోజనం సగమే. మురుగు ప్రహరీ దాటి వాగులోకి, వాగు దాటి జలాశయంలోకి పోయింది. బాధ్యత కూడా అంతదూరం పోవాలి. కర్మాగారం చేతులు మారినా, యంత్రం మారినా ఒండ్రులో బాకీ అలాగే ఉంటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాదరసం వాడి 2000లో మూతపడిన హోల్ట్రాకెమ్ కర్మాగారం విషయంలో కోర్టులు ఆ సూత్రాన్నే పట్టుకున్నాయి. పెనాబ్‌స్కాట్ నది శుద్ధికి పాత యజమాని కంపెనీ కనీసం 18.7 కోట్ల డాలర్లు ఇవ్వాలన్న పరిష్కారం 2022లో ఖరారైంది. ఆ కర్మాగారంలో మిగిలిపోయిన పాదరసాన్నే 2001లో మన దేశానికి అమ్మబోతే పర్యావరణవాదులు, రేవు కార్మికులు అడ్డుకుని వెనక్కి పంపారు. వాళ్ల పాదరసాన్ని వెనక్కి పంపగలిగిన దేశం తన సొంత పాదరసం లెక్క అడగలేదా?

ఆ లెక్క రిహంద్‌తోనే మొదలుపెట్టాలి. జలాశయం పొడవునా ఒండ్రు గొట్టాలు దించి పొరల చరిత్ర రాయించాలి. వాలుగ లాంటి వేట చేపల్లో పాదరసాన్ని ఏటా కొలిచి, ఏ చేప వారానికి ఎంత తినవచ్చో, గర్భిణులు ఏది మానుకోవాలో స్థానిక భాషలో రేవు దగ్గరే బోర్డు పెట్టాలి. చేప మానమన్నప్పుడు బదులుగా ఏం తింటారన్నదీ ప్రభుత్వమే చూడాలి. లేకపోతే ఆ బోర్డు జాలరి పొట్ట కొట్టడానికే పనికొస్తుంది. జలాశయం అంచున తడి బూడిద చెరువులను గడువు పెట్టి మూయించాలి. ఒండ్రుకు జాతీయ ప్రమాణం రాయాలి. ఆ ప్రమాణం లేకుండా ఏ పారిశ్రామిక వాగులోనూ పూడికతీత టెండరు పిలవకూడదు. వీటిలో ఏదీ కొత్త ఆవిష్కరణ కోసం ఆగనక్కర్లేదు. కాలుష్య నియంత్రణ మండళ్లు నీళ్ల సీసాతో పాటు బురద గొట్టాన్ని, చేప ముక్కను కూడా ప్రయోగశాలకు పంపడం మొదలుపెడితే చాలు, బాకీ ఎవరిదో, ఎంతో బయటికి వస్తుంది. వసూలు చేయాల్సిన పని దాని తరవాతిది. దానికి ఇప్పుడు చట్టం కూడా ఉంది.